సిగరెట్ మానేశాకే దగ్గు ఎక్కువైంది, నాన్న మళ్ళీ కాలుస్తానంటున్నారు

ప్రశ్న: మాది విశాఖపట్నం, జ్ఞానాపురం. మా నాన్నకు 61 ఏళ్ళు. రేవులో ఖనిజం ఎగుమతి చేసే చోట కన్వేయర్ బెల్టుల దగ్గర పనిచేసి రిటైరయ్యారు. 35 ఏళ్ళుగా రోజుకో పెట్టె సిగరెట్లు కాల్చేవారు. మనవడు పుట్టాడని ఐదు వారాల కిందట ఒక్కసారిగా మానేశారు. మేమంతా ఎంతో సంతోషించాం. కానీ రెండో వారం నుంచి దగ్గు బాగా ఎక్కువైంది. పొద్దున లేవగానే అరగంట దగ్గుతారు. బూడిద రంగులో కఫం పడుతోంది, ఒక్కోసారి అందులో నల్లటి చారలుంటున్నాయి. "కాల్చినన్నాళ్ళూ బాగానే ఉన్నాను, మానేశాకే రోగం పట్టుకుంది, ఒక్కటి కాలిస్తే సర్దుకుంటుంది" అంటున్నారు. బంధువులు కూడా అలవాటైన ఒంటికి ఒక్కసారిగా మాన్పిస్తే ఇలాగే అవుతుందంటున్నారు. మా మామ్మ చివరిదాకా అడ్డపొగ చుట్ట తాగినా ఏమీ కాలేదని ఇంకో మాట. మందుల షాపులో ఇచ్చిన సిరప్ వేస్తే మత్తుగా పడుకుంటున్నారు, తెల్లారితే మళ్ళీ మామూలే. ఆవిరి పట్టొచ్చా? మా కిటికీల మీద నల్లదుమ్ము తుడిచిన గంటకే మళ్ళీ పేరుకుంటుంది, ఈ దగ్గు దానివల్లా? చాలా టెన్షన్‌గా ఉంది.

సమాధానం: అమ్మా, ముందు ఈ ఒక్క మాట మీ నాన్నగారికి ఈ రాత్రికే చెప్పండి. ఆ ఒక్క సిగరెట్ ముట్టించవద్దు. మానేసిన కొత్తలో దగ్గు పెరగడం కొందరిలో చూస్తాం. ఇన్నేళ్ళూ పొగ దెబ్బకు పడకేసిన ఊపిరితిత్తుల శుభ్రత పని మళ్ళీ మొదలైనప్పుడు అలా జరుగుతుంది. అలాగని పరీక్షలు చేయించకుండా ధైర్యంగా కూర్చోమని కూడా చెప్పను. 35 ఏళ్ళు పొగ తాగిన మనిషి దగ్గు తీరు మారితే ఒకసారి డాక్టరు చూసి తీరాలి. ఆ సంగతి తర్వాత రాస్తాను. ముందు ఆయన లోపల ఏం జరుగుతోందో మీకు అర్థం కావాలి. అర్థమైతేనే ఆయనకు నచ్చజెప్పగలరు.

స్కూల్లో పారమీషియం బొమ్మ వేసి, చుట్టూ సన్నటి వెంట్రుకల్లాంటి గీతలు గీసి, "శైలికలు" అని పేరు రాసేవాళ్ళం, గుర్తుందా? అలాంటి శైలికలే మన ముక్కు లోపల, వాయునాళంలో, అక్కడి నుంచి కొమ్మల్లా చీలిపోయే శ్వాసనాళాల్లో పచ్చికలా పరుచుకుని ఉంటాయి. ఒక్కో కణం మీద సుమారు 200. ఒక్కోదాని పొడవు ఆరేడు మైక్రాన్లు, అంటే ఒక మిల్లీమీటరును వెయ్యి భాగాలు చేస్తే అందులో ఆరేడు భాగాలంత. ఇంత చిన్నవి సెకనుకు 10 నుంచి 15 సార్లు కొట్టుకుంటాయి. మీరు నిద్రపోతున్నా, వంట చేస్తున్నా ఈ పని ఆగదు.

నేను చాలా ఏళ్ళు వైద్య విద్యార్థులకు శరీరధర్మశాస్త్రం పాఠం చెప్పాను. అప్పట్లో ప్రాక్టికల్స్‌లో కప్ప అంగిలి మీద ఒక ప్రయోగం ఉండేది. అంగిలిని సెలైన్‌తో తడిపి, దాని ముందు అంచున గుండుసూది మొనతో ఒక బొగ్గు రేణువు పెట్టేవాళ్ళం. చేతులు వెనక్కి పెట్టుకుని చూడమనేదాన్ని. మొదట ఏమీ కదిలినట్టుండదు. కాసేపటికి ఆ నల్లటి చుక్క మెల్లగా, ఎవరో దారం కట్టి లాగుతున్నట్టు, గొంతు వైపు ప్రయాణం మొదలుపెడుతుంది. సెలైన్ చల్లబరిచి పోస్తే నడక మందగిస్తుంది, గోరువెచ్చగా పోస్తే చురుకవుతుంది. ప్రతి బ్యాచిలోనూ ఎవరో ఒకరు "మేడమ్, కప్ప ఇంకా బతికే ఉందా?" అని కంగారుగా అడిగేవారు. కప్పకు ప్రాణం పోయింది, దాని అంగిలి మీది శైలికలు మాత్రం ఇంకా తమ పని చేసుకుంటున్నాయి. ఆ చుక్క నడకను ఎన్నిసార్లు చూసినా నాకు ఒళ్ళు జలదరించేది.

మన శ్వాసనాళాల్లో ఈ నడక ఎలా సాగుతుందంటే, గోడల మీద రెండు పొరలుంటాయి. అడుగున నీళ్ళలాంటి పలుచటి పొర, దాని మీద జిగురుగా ఉండే శ్లేష్మం. గాలితో పాటు లోపలికి వెళ్ళిన దుమ్ము, పుప్పొడి, సూక్ష్మక్రిములు ఆ జిగురుకు అతుక్కుంటాయి. శైలిక నిటారుగా లేచి తన కొసను ఆ జిగురుకు తగిలించి ముందుకు తోస్తుంది. వెనక్కి వచ్చేటప్పుడు మాత్రం ఒంగి, పలుచటి పొరలోంచి దొంగలా జారి వస్తుంది. బలంగా ముందుకు, మెత్తగా వెనక్కి. అలా కాకుండా రెండు వైపులా ఒకే బలంతో ఊగితే శ్లేష్మం ఉన్నచోటే ఊగుతూ ఉండేది. పైగా అన్నీ ఒకేసారి కొట్టుకోవు. శ్లాబు పోసేటప్పుడు కూలీలు వరసగా నిలబడి సిమెంటు తట్టలు చేతులు మార్చుకుంటూ పైకి పంపుతారే, సరిగ్గా అలా ఒకదాని తర్వాత ఒకటి అందుకుంటాయి. అందుకే పైనుంచి చూస్తే వరిచేను మీద గాలి వీచినట్టు అలలు అలలుగా కనిపిస్తుంది.

ఆరోగ్యంగా ఉన్నవారి వాయునాళంలో శ్లేష్మం నిమిషానికి సుమారు అర సెంటీమీటరు నుంచి ఒక సెంటీమీటరు దాకా పైకి నడుస్తుంది. గొంతు దాకా వచ్చాక మనకు తెలియకుండానే మింగేస్తాం. మిగతా సంగతి కడుపులోని ఆమ్లం చూసుకుంటుంది. ముక్కులోని శైలికలు వెనక్కి, కిందికి, గొంతు వైపే తోస్తాయి. పైవీ కిందివీ అన్నీ గొంతుకే చేరుస్తాయన్నమాట. రోజుకు సుమారు 10,000 లీటర్ల గాలి పీల్చే మనిషి మసి పట్టిన గొట్టంలా తయారవకుండా ఉంటున్నాడంటే, దానికి ఈ నడకే ముఖ్య కారణం.

ఇక సిగరెట్ సంగతి. ఆ పొగలో అక్రోలిన్, ఫార్మాల్డిహైడ్, హైడ్రోజన్ సయనైడ్ లాంటివి ఉంటాయి. అవి తగిలితే శైలికల కదలిక మందగిస్తుంది. ఏళ్ళ తరబడి తగులుతుంటే శైలికలు పొట్టివైపోతాయి. కొన్నిచోట్ల శైలికలున్న కణాలే పోయి, వాటి స్థానంలో చర్మం లాంటి బల్లపరుపు కణాలు వస్తాయి. అదే సమయంలో శ్లేష్మం తయారుచేసే కణాలు పెరుగుతాయి. తోసేవాళ్ళు తగ్గిపోయారు, తోయాల్సిన సరుకు పెరిగింది. ఇక ఆ కఫాన్ని బయటికి పంపడానికి ఒంటికి మిగిలిన దారి దగ్గు ఒక్కటే. పొగతాగేవాళ్ళకు పొద్దున్నే వచ్చే దగ్గు అదే. రాత్రి ఏడెనిమిది గంటలు పొగ తగలదు కాబట్టి మిగిలిన శైలికలు కాస్త తేరుకుని, పేరుకున్నదాన్ని కదిలిస్తాయి. లేవగానే సిగరెట్ ముట్టిస్తే అవి మళ్ళీ మందగిస్తాయి, దగ్గు తగ్గినట్టనిపిస్తుంది. మీ నాన్నగారు "ఒక్కటి కాలిస్తే సర్దుకుంటుంది" అనడంలో అబద్ధం లేదు. ఆయనకు నిజంగా అలాగే అనుభవమై ఉంటుంది. సర్దుకునేది దగ్గే. కఫం లోపలే ఉండిపోతుంది.

ఈ విషయం మీకంటే ఆయనకే బాగా అర్థమవుతుంది, ఆయన భాషలోనే అడగండి. "నాన్నా, బెల్టు చాలా రోజులు ఆగిపోయి, దాని మీదా కిందా సరుకు పేరుకుపోయిందనుకో. మళ్ళీ స్విచ్ వేస్తే మొదట ఏం వస్తుంది?" అని. పాత సరుకే వస్తుందని ఆయనే చెప్తారు. బైలదిల్లా నుంచి రైల్లో వచ్చిన ఖనిజం ఓడ ఎక్కేదాకా బెల్టుల మీద నడవడం కళ్ళారా చూసిన మనిషి ఆయన. ఇప్పుడు ఆయన గుండెల్లో కూడా అలాంటి బెల్టే మళ్ళీ తిరగడం మొదలైంది.

కఫంలో బూడిద రంగు, నల్లచారలు ఎక్కడివని మీరు అడగలేదు గానీ చెప్పాలి. శ్వాసనాళాల చివర ద్రాక్షగుత్తుల్లా ఉండే వాయుగోణుల్లో శైలికలుండవు. అక్కడిదాకా చేరిన మసిని భక్షక కణాలు మింగుతాయి. పొగతాగేవాళ్ళలో ఈ కణాలు గోధుమరంగుకు తిరిగి ఉంటాయి. మసిని కడుపులో పెట్టుకున్న ఆ కణాలు పాకుతూ వచ్చి శైలికలున్న చోటు చేరితే, అక్కడి నుంచి శ్లేష్మంతో పాటు పైకి వస్తాయి. పొగ మసి, రేవులో పీల్చిన దుమ్ము కఫంలో ఇలా కనిపించవచ్చు. కానీ నల్లటి చార, ముదురు ఎరుపు చార చూపుకు ఒకేలా ఉండొచ్చు. అందుకే ఒకసారి తెల్లటి కాగితం మీదో గిన్నెలోనో వెలుతురులో చూడండి. ఎరుపు అనుమానం ఉంటే ఆలస్యం చేయకండి.

మానేసినవాళ్ళలో దగ్గు, ఆయాసం సాధారణంగా ఒకటి నుంచి తొమ్మిది నెలల్లో క్రమంగా తగ్గుతూ వస్తాయి. పెరిగిన ఈ దగ్గు చాలామందిలో కొన్ని వారాల్లోనే నెమ్మదిస్తుంది. అలాగని అన్నీ తిరిగి రావు. వాయుగోణుల గోడలు చిరిగిపోయి ఉంటే అవి మళ్ళీ అతుక్కోవు. శైలికలు మాత్రం మళ్ళీ మొలుస్తాయి, అందుకే ఈ వారాల కోసం ఇంత పట్టుబడుతున్నాను.

నా సొంత సంగతి ఒకటి చెప్తాను. మా పెద్దన్నయ్య కూడా ఇలాగే ఒక ఉగాది నాడు మానేశాడు. నెల తిరక్కుండానే దగ్గు మొదలైంది. ఇంట్లో అందరం "పాపం, తట్టుకోలేకపోతున్నాడు" అనుకున్నాం. అప్పటికి నేను ఎం.బి.బి.ఎస్. చదువుతున్నాను. శైలికల పాఠం పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. అయినా వాడు వరండాలో కూర్చుని మళ్ళీ అగ్గిపుల్ల గీస్తుంటే, దగ్గు తగ్గితే చాలనుకుని చూస్తూ ఊరుకున్నాను. ఆ తర్వాత వాడు మానలేదు. మీ ఉత్తరం చదువుతుంటే ఆ అగ్గిపుల్ల చప్పుడు వినిపించింది. మీరు ఊరుకోకండి.

ఇప్పుడు సిరప్. దగ్గు సిరప్‌లలో కొన్ని మెదడులోని దగ్గు కేంద్రాన్ని జోకొడతాయి, కొడీన్, డెక్స్‌ట్రోమెథార్ఫాన్ ఉన్నవి ఇలాంటివి. కొన్ని కఫాన్ని పలచబరచడానికి ఇచ్చేవి. కొన్నింటిలో అలర్జీ మందులు కలుస్తాయి, వాటిలో కొన్ని మత్తునిస్తాయి, కఫాన్ని చిక్కబరుస్తాయి. మీ నాన్నగారు మత్తుగా పడుకుంటున్నారంటే ఆయనకిచ్చింది మొదటి రకమో చివరి రకమో అయి ఉండొచ్చు. కఫం పడుతున్న మనిషికి దగ్గును నొక్కేయడం మంచిది కాదు. ఆ సీసా ఆపి, డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు చేత్తో పట్టుకెళ్ళి చూపించండి.

శైలికలు పనిచేయనప్పుడు దగ్గు ఎంత పెద్ద దిక్కో చెప్పే జబ్బు ఒకటుంది. కొందరు పుట్టుకతోనే శైలికలు సరిగా కదలని లోపంతో పుడతారు. 1933లో, మన విశాఖ రేవు మొదలైన ఏడాదే, జ్యూరిచ్‌లో కార్టజినర్ అనే వైద్యుడు ఇలాంటి కొందరి గురించి రాశాడు. వాళ్ళకు ఎప్పుడూ సైనస్ బాధ, శ్వాసనాళాలు ఉబ్బిపోయి కఫం నిండడం, పైగా గుండె కుడివైపు. మూడూ ఎందుకు కలిసి వస్తున్నాయో చాలాకాలం తెలియలేదు. 1976లో స్వీడన్‌కు చెందిన అఫ్జీలియస్ అనే శాస్త్రవేత్త వీళ్ళ శైలికల్లో డైనీన్ అనే ప్రోటీన్ చేతులు లేవని చూపించాడు. ఒక్కో శైలిక లోపల అంచున 9 జతల సన్నటి గొట్టాలు, మధ్యలో 2 గొట్టాలు ఉంటాయి. ఆ జతలను ఒకదాని మీద ఒకటి జార్చి శైలికను వంచేవి ఈ డైనీన్ చేతులే. తల్లి కడుపులో పిండానికి గుండె ఎటు ఉండాలో నిర్ణయించడంలో కూడా శైలికల కదలిక ఉంది. అందుకే ఆ లోపం ఉన్నవారిలో సుమారు సగం మందికి అవయవాలు అటుదిటు అవుతాయి. ఈ జబ్బు ఉన్నవారు రోజూ కఫం బయటికి తెచ్చే కసరత్తులు చేస్తూ, దగ్గును నమ్ముకునే బతుకుతారు.

అలాంటి కసరత్తు ఒకటి మీ నాన్నగారికీ పనికొస్తుంది. పొద్దున లేవగానే ఒక గ్లాసు గోరువెచ్చటి నీళ్ళు తాగి, కుర్చీలో కాస్త ముందుకు వంగి కూర్చోవాలి. మెల్లగా లోతుగా ఊపిరి తీసి, రెండు మూడు సెకన్లు ఆపి, నోరు బాగా తెరిచి, కళ్ళద్దాలు తుడిచే ముందు ఆవిరి పట్టించడానికి ఊదుతామే అలా "హా...." అని కాస్త బలంగా వదలాలి. రెండు మూడు సార్లు చేసి, కఫం పైకి వచ్చినట్టు అనిపించినప్పుడు ఒక్క దగ్గు దగ్గి ఉమ్మేయాలి. అరగంట ఎడతెగకుండా దగ్గితే పక్కటెముకలు నొప్పెడతాయి, కళ్ళు తిరుగుతాయి, కఫం మాత్రం అంతే వస్తుంది. తల తేలికైనా, ఆయాసం వచ్చినా ఆపి మామూలుగా ఊపిరి తీసుకోమనండి. రోజంతా నీళ్ళు, మజ్జిగ, చారు, ఏది ఇష్టమైతే అది తాగనివ్వండి. గుండె, కిడ్నీ జబ్బు ఉండి డాక్టరు నీళ్ళు తగ్గించమని ఉంటే మాత్రం ఆ లెక్క ప్రకారమే.

ఆవిరి పట్టొచ్చు, హాయిగా ఉంటుంది. దాని నుంచి అంతకు మించి ఆశించకండి. బామ్ వేస్తే ముక్కు తెరుచుకున్నట్టు అనిపించేది మెంథాల్ ఇచ్చే చల్లదనం వల్ల. మరుగుతున్న గిన్నె ఒళ్ళో పెట్టుకుని దుప్పటి కప్పుకోవద్దు. గిన్నె తిరగబడి తొడలు కాలినవాళ్ళను చూశాను. గిన్నె బల్ల మీదే ఉండాలి, పసివాడు ఆ గదిలో ఉండకూడదు.

దుమ్ము గురించి. మీ కిటికీ మీద వేలితో రాస్తే కనిపించే ఆ నల్లదుమ్ములో పెద్ద రేణువులే ఎక్కువ. 10 మైక్రాన్ల కంటే పెద్దవి చాలావరకు ముక్కులోనే చిక్కుకుంటాయి. కంటికి కనిపించకుండా గాలిలో తేలే 2.5 మైక్రాన్ల లోపువి శైలికలను దాటి వాయుగోణుల దాకా పోతాయి, అసలు భయం వాటితోనే. విశాఖ రెండు కొండల వరసల మధ్య పళ్ళెంలా ఉన్న ఊరు, చలికాలం పొద్దుటిపూట పొగ కదలకుండా నిలిచిపోతుంది. గాలి నాణ్యత ప్రమాణాలు అందుకోలేని నగరంగా మన ఊరు జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమం జాబితాలో ఉంది. రేవు చుట్టుపక్కల దుమ్ము గురించి మీరంతా కలిసి అడగాల్సిందే, అది మీ హక్కు. ఈలోపు ఇంట్లో పొడి చీపురు మానేసి తడిగుడ్డ పెట్టండి. దుమ్ము దులిపేటప్పుడు ఎన్-95 మాస్క్ పెట్టుకోండి. దోమల కాయిల్ బదులు దోమతెర కట్టండి. ఆ పొగ ముసలాయన శైలికలకూ మంచిది కాదు, మనవడి శైలికలకూ కాదు. అయితే దగ్గు సిగరెట్ మానేసిన రెండో వారంలో ఎక్కువైందని మీరే రాశారు, దుమ్ము అంతకు ముందూ ఉంది. కాబట్టి అసలు కారణం దుమ్మేనని నేననుకోను.

మామ్మగారి అడ్డపొగ గురించి ఒక్క మాట. నిప్పు నోట్లో పెట్టుకుని తాగే ఆ చుట్ట వల్ల అంగిలికి వచ్చే మచ్చలు, పుళ్ళు, క్యాన్సర్ మన ఉత్తరాంధ్ర ఆసుపత్రులకు కొత్త కాదు. ఆవిడ తప్పించుకున్నారు, మంచిదే. అదే చుట్టతో తప్పించుకోలేనివాళ్ళ పేర్లు ఆ బంధువులకే కొన్ని గుర్తుంటాయి, అడిగి చూడండి.

ఇక పరీక్షలు, ఇవి వాయిదా వేయకండి. దగ్గు రెండు వారాలు దాటితే ఎవరికైనా క్షయ కోసం కళ్ళె పరీక్ష చేయించాలి. మీ నాన్నగారికి ఇప్పటికే ఆ గడువు దాటింది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఆ పరీక్ష ఉచితం. వాల్తేరులోని ప్రభుత్వ ఛాతీ ఆసుపత్రికి గానీ, కె.జి.హెచ్. (కింగ్ జార్జ్ ఆసుపత్రి)కి గానీ ఈ వారంలోనే తీసుకెళ్ళండి. ఛాతీ ఎక్స్-రే తీయమని, గొట్టంలోకి గట్టిగా ఊదించే స్పైరోమెట్రీ పరీక్ష చేయమని అడగండి. ఎన్నేళ్ళు కాల్చారో, రేవులో ఏ పని చేశారో డాక్టరుకు తప్పకుండా చెప్పండి. ఖనిజం దుమ్ములో పనిచేసిన సంగతి అడిగితే తప్ప మనవాళ్ళు చెప్పరు. కఫంలో రక్తం, సాయంత్రం పూట జ్వరం, బరువు తగ్గడం, మూడు వారాలు దాటినా తగ్గని గొంతు బొంగురు, ఛాతీలో నొప్పి, నాలుగు మెట్లెక్కితే ఆయాసం, వీటిలో ఏ ఒక్కటున్నా వారం కూడా ఆగకండి, రేపే వెళ్ళండి.

ఈలోపు సిగరెట్ మీదికి మనసు లాగితే పొగాకు మానేవారికోసం ప్రభుత్వం నడిపే ఉచిత నంబరు 1800-11-2356కి ఆయన చేతే ఫోన్ చేయించండి. అవసరమైతే నికోటిన్ గమ్ నమలడం గురించి డాక్టరుతో మాట్లాడండి. పొద్దున్నే బండ్లు తిరగని వేళ బీచ్ రోడ్డు మీద మెల్లగా నడిపించండి. లేవగానే సిగరెట్ కోసం చేయి వెతుక్కునే వేళ అదే కాబట్టి ఆ అరగంట ఇంట్లో లేకపోతే సగం గండం గడుస్తుంది. గోడ మీది క్యాలెండర్‌లో ఏ రోజు ఎంతసేపు దగ్గారో, కఫం ఏ రంగులో ఉందో రోజూ రెండు ముక్కలు రాసి పెట్టండి. డాక్టరుకు అది పనికొస్తుంది. ఎక్స్-రే, కళ్ళె పరీక్ష ఫలితాలు వచ్చాక ఆ క్యాలెండర్ పేజీలో ఏముందో కూడా నాకు రాయండి.